ఇన్‌స్టాల్ చేయకముందే విండోస్‌ను మలచుకోవడం: ఒక శిక్షణ సంస్థ ల్యాబ్‌ల కేస్ స్టడీ

నేపథ్యం

ఒక వృత్తి శిక్షణ సంస్థకు కొన్ని కంప్యూటర్ ల్యాబ్‌లు ఉన్నాయి. అన్నీ కలిపి వందకు లోపు యంత్రాలు. సంస్థను గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసేశాను, కొన్నింటిని మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ల్యాబ్‌లు నడిపే చాలామంది ఇదే దారిలో వెళ్లి ఇదే చోట చిక్కుకుంటున్నారు.

యంత్రాలు మూడు రకాలు. పాత డెస్క్‌టాప్‌లు ఒక ల్యాబ్‌లో ఉన్నాయి. వాటి ప్రాసెసర్లు విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. రెండో రకం 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (మదర్‌బోర్డుకే అతికించిన ఫ్లాష్ మెమరీ) నిల్వ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లు. మూడోది ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లతో వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లు. వీటిలో చాలావాటికి విండోస్ ప్రో లైసెన్స్, కొన్నింటికి హోమ్ లైసెన్స్ యంత్రంతో పాటే వచ్చాయి.

ల్యాబ్ ఇన్‌చార్జి కొన్నేళ్ల కిందట విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ ఇమేజ్ (సిస్టమ్ మొత్తం సర్దిన ఫైలు) తీసుకుని, భాగాలను తొలగించే ఒక సాధనంతో దాన్ని బాగా తేలిక చేశారు. డిఫెండర్ యాంటీవైరస్, యాప్‌ల స్టోర్, ఎడ్జ్ బ్రౌజర్, ప్రింటింగ్‌లో కొన్ని భాగాలు, పాత డాట్‌నెట్ (కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన పునాది ఫైళ్లు), భాషల ఫైళ్లు, రికవరీ విభాగం అన్నీ పోయాయి. ఆ ఇమేజ్‌నే అన్ని యంత్రాల్లోనూ ఎక్కించారు. ఆయన అలా ఎందుకు చేశారో అర్థం చేసుకోకుండా ఈ కేసు అర్థం కాదు. 64 జీబీ నిల్వలో విండోస్, ఆఫీస్, శిక్షణ సాఫ్ట్‌వేర్ పెట్టాక విద్యార్థి ఫైళ్లకు చోటు మిగలడం లేదు. తరగతి మొదలైన పావుగంట వరకు డెస్క్‌టాప్ కదలడం లేదు. ఆయన ముందున్న బాధ నిజమైనది. ఎంచుకున్న మందే వేరే జబ్బు తెచ్చింది.

ఎదురైన సమస్య

నన్ను పిలిచిన కారణం ఒక పరీక్ష సాఫ్ట్‌వేర్. దాని కొత్త వెర్షన్‌కు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 కావాలి. విండోస్ 10లో అది ఐచ్ఛిక ఫీచర్. ఆన్ చేస్తే సరిపోవాలి. ఇక్కడ ఆన్ చేయబోతే 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అనే లోపం వస్తోంది. దాని అర్థం, కావాల్సిన మూల ఫైళ్లు దొరకడం లేదని.

యంత్రాలను తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. నెలవారీ క్యుములేటివ్ అప్‌డేట్లు (అంతకు ముందువాటిని కూడా కలుపుకుని వచ్చేవి) కూడా అదే లోపంతో చాలాకాలంగా ఆగిపోయి ఉన్నాయి. అప్‌డేట్ సగం దాకా ఎక్కి, రీస్టార్ట్ తర్వాత వెనక్కి మళ్లుతోంది. దాన్ని చూసి విసిగిపోయి అప్‌డేట్ సర్వీసునే ఆపేశారు. పరీక్షలు జరిగే యంత్రాలు భద్రతా సవరణలు లేకుండా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఇంకోవైపు, విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసే 14 అక్టోబరు 2025 అప్పటికి దగ్గరపడింది. కాబట్టి ప్రశ్న డాట్‌నెట్ ఒక్కటే కాదు; ల్యాబ్‌లన్నింటికీ కొత్త పునాది ఎలా వేయాలన్నది.

భాగాలు తొలగించడం వల్ల అప్‌డేట్లు ఎందుకు ఆగుతాయో కొంచెం వివరంగా చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇన్‌స్టాలర్ అంటే ఒక ఫోల్డర్ నిండా విడి ఫైళ్లు. అక్కర్లేనివి తీసేసి చిన్న సీడీ చేసుకోవడం అప్పట్లో సాధారణ విద్య, అందులో తర్కమూ ఉంది. విస్టాతో పద్ధతి మారింది. సిస్టమ్ మొత్తం ఒక విమ్ ఇమేజ్‌గా వస్తుంది. దాని లోపల ప్రతి భాగానికీ ఒక మ్యానిఫెస్ట్ (అందులో ఏ ఫైళ్లున్నాయో చెప్పే పట్టిక), ఒక వెర్షన్ నమోదు ఉంటాయి. వీటన్నింటి నిలయం విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్. క్యుములేటివ్ అప్‌డేట్ వచ్చినప్పుడు అది ఈ నమోదు చూసి, పాత ఫైలును ఆధారంగా చేసుకుని కొత్త ఫైలును తయారుచేస్తుంది. నమోదులో ఉన్న భాగం డిస్కులో లేకపోతే లెక్క తప్పుతుంది, అప్‌డేట్ మొత్తం ఆగుతుంది. తీసేసిన ఆ ఒక్క భాగాన్ని మాత్రమే వదిలేసి మిగిలినవి ఎక్కించుకోవడం దానికి తెలియదు.

పైగా విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ పరిమాణం చూసే చాలామంది మోసపోతారు. అందులోని ఫైళ్లలో ఎక్కువ భాగం హార్డ్ లింకులు. ఒకే ఫైలుకు రెండు చోట్ల పేరు ఉంటుంది, చోటు మాత్రం ఒక్కసారే ఆక్రమిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం రెండుసార్లు లెక్కపెడుతుంది. విండోస్ ఇమేజ్‌లను చూసుకునే సాధనం డిస్మ్‌లోని అనలైజ్ కాంపొనెంట్ స్టోర్ ఆదేశం ఇస్తే అసలు పరిమాణం కనబడుతుంది. ఈ సంస్థలో ఆ ఫోల్డర్ భారీగా కనబడటమే కోతకు మొదటి కారణమని ఇన్‌చార్జి తర్వాత నాతో చెప్పారు.

ముందు మరమ్మతు ప్రయత్నం

ఉన్నదాన్ని బాగుచేయగలిగితే ల్యాబ్‌లు మూయకుండా పని అయిపోతుంది. అందుకే మొదట ఆ వైపు వెళ్లాం. అదే వెర్షన్ అధికారిక ఇమేజ్‌ను మూలంగా చూపించి డిస్మ్ రిస్టోర్ హెల్త్ నడిపించాం. పాడైన ఫైళ్లను తిరిగి తేవడం ఆ ఆదేశం పని. ఇక్కడ ఫైళ్లు పాడవలేదు, కొన్ని భాగాల నమోదే చెరిగిపోయింది. ఏది లేదో తెలియనప్పుడు దేన్ని తేవాలో దానికి ఎలా తెలుస్తుంది? కొన్ని యంత్రాల్లో లోపాలేవీ లేవని చెప్పి ముగించింది, డాట్‌నెట్ మాత్రం అప్పటికీ ఎక్కలేదు.

తర్వాత అధికారిక మీడియా నుంచి సెటప్ నడిపి, ఫైళ్లు, ప్రోగ్రాములు నిలుపుకుంటూ మీద మీదే తిరిగి ఇన్‌స్టాల్ చేసే దారి చూశాం. కొన్నింటిలో కుదిరింది. చిన్న ల్యాప్‌టాప్‌లలో చోటు చాలక ఆగింది, కొన్నింటిలో మధ్యలో వెనక్కి మళ్లింది. కుదిరిన యంత్రాలు కూడా ఒకదానికొకటి తేడాగా మిగిలాయి. ఇక్కడే మరమ్మతు ఆపాలని నిర్ణయించాను. ల్యాబ్‌లో యంత్రం బాగుండటం ఒక్కటే చాలదు. పక్క యంత్రంలా ఉండాలి. పరీక్ష రోజున ఒకటి తేడాగా ప్రవర్తిస్తే కారణం వెతికే సమయం ఎవరికీ ఉండదు.

రెండో ప్రయత్నం: నమూనా యంత్రం నుంచి ఇమేజ్ తీయడం

ఇన్‌చార్జికి అలవాటైన పద్ధతి ఇదే కాబట్టి దీన్ని పరీక్షించకుండా పక్కన పెట్టడం సరికాదనిపించింది. ఒక మధ్యరకం ల్యాప్‌టాప్‌లో ఆడిట్ మోడ్‌లో (యూజర్ ఖాతా తయారుకాకముందే సిస్టమ్‌ను మలచుకునే స్థితి) విండోస్ 11 పెట్టి, కావాల్సినవన్నీ ఎక్కించి, సిస్‌ప్రెప్ సాధనంతో సాధారణీకరించి (ఆ ఒక్క యంత్రానికే చెందిన గుర్తులు తీసేసి), ఇమేజ్‌గా బంధించాలన్నది ఆలోచన.

సిస్‌ప్రెప్ ఆగిపోయింది. పాంథర్ ఫోల్డర్‌లోని లాగ్ చూస్తే, ఒక స్టోర్ యాప్ ప్రస్తుత యూజర్‌కు మాత్రమే ఇన్‌స్టాల్ అయి ఉంది, అందరికీ ప్రొవిజన్ అయి (ప్రతి కొత్త ఖాతాకూ వచ్చేలా సిద్ధమై) లేదు అన్న సందేశం ఉంది. ఆడిట్ మోడ్‌లో ఇంటర్నెట్ కలిపి ఉంచితే స్టోర్ తనంతట తాను యాప్‌లను అప్‌డేట్ చేస్తుంది. అప్పుడే ఈ చిక్కు వస్తుంది. నెట్ తీసేసి మళ్లీ చేస్తే సిస్‌ప్రెప్ సాఫీగా పూర్తయింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆ ఇమేజ్‌ను 11వ తరం ల్యాప్‌టాప్‌లో ఎక్కించగానే బూట్ పరికరం అందడం లేదన్న నీలి తెర వచ్చింది. ఆ ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డిస్కు (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ) ఇంటెల్ వీఎండీ అనే నిల్వ కంట్రోలర్ వెనక ఉంటుంది. నమూనా యంత్రంలో అలాంటి కంట్రోలర్ లేదు కాబట్టి ఇమేజ్‌లో దాని డ్రైవర్ కూడా లేదు.

డ్రైవర్ చేర్చి ఈ చిక్కును దాటవచ్చు. అయినా ఈ పద్ధతిని వదిలేయడానికి నాకు వేరే కారణం ఉంది. బంధించిన ఇమేజ్ చూస్తే అందులో ఏముందో తెలుస్తుంది, అది అక్కడికి ఎలా వచ్చిందో తెలియదు. ఎవరు ఏ సెట్టింగ్ ఎందుకు మార్చారు, ఏ ఇన్‌స్టాలర్ ఏ సర్వీసు వదిలి వెళ్లింది, ఇవేవీ నమోదు కావు. ఆరు నెలల తర్వాత ఇమేజ్ పాతబడితే దాన్ని మళ్లీ తెరిచి, మళ్లీ సిస్‌ప్రెప్ చేసి, దాని మీద ఇంకో పొర వేస్తారు. సంస్థ ఇప్పటికే అలాంటి పొరల కింద ఉంది.

అందువల్ల ఒక నియమం పెట్టుకున్నాం. దాచి ఉంచుకోవాల్సినవి రెండే: ముట్టుకోని అధికారిక ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ మీడియా మొత్తం ఉన్న ఒకే ఫైలు), దాన్ని మార్చే స్క్రిప్ట్. తయారైన ఇమేజ్ పోయినా బాధ లేదు. స్క్రిప్ట్ మళ్లీ నడిపితే అదే రావాలి.

పనిచేసిన పద్ధతి

విండోస్ 11 24హెచ్2 (2024లో వచ్చిన వెర్షన్) ఐఎస్ఓ దించుకుని దాని షా-256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) అధికారికంగా ప్రకటించిన దానితో సరిపోయిందని చూశాం. కోసిన ఇమేజ్ ఎవరో ఇచ్చినది వాడే అలవాటున్న చోట ఈ చిన్న పనికి చాలా విలువ ఉంది. మూలం మీద సందేహం ఉంటే దాని మీద చేసే పరిశ్రమంతా సందేహమే.

ఆ మీడియాలో ఉన్నది ఒక్క విండోస్ కాదని ఇన్‌చార్జికి చూపించాను. ఇన్‌స్టాల్.విమ్‌లో ఒక్కో ఎడిషన్‌కు ఒక్కో ఇండెక్స్ ఉంటుంది. బూట్.విమ్‌లో రెండు ఉంటాయి: ఒకటి మామూలు విండోస్ పీఈ (ఇన్‌స్టాలేషన్, మరమ్మతు పనులకు వాడే చిన్న విండోస్), రెండోది సెటప్ నడిచే విండోస్. ఇన్‌స్టాల్.విమ్ లోపలే, రికవరీ ఫోల్డర్‌లో విన్‌ఆర్ఈ.విమ్ అనే ఇంకో చిన్న విండోస్ దాగి ఉంటుంది. ముందే మలచుకోవడం అంటే వీటిలో దేన్ని మార్చాలో ప్రతిసారీ తేల్చుకోవడం. వీఎండీ డ్రైవర్‌ను ఇన్‌స్టాల్.విమ్‌లో మాత్రమే పెడితే సెటప్‌కు డిస్కే కనబడదు. బూట్.విమ్‌లోనూ, ఇన్‌స్టాల్.విమ్‌లోనూ పెట్టి విన్‌ఆర్ఈని మరిచిపోతే ఇన్‌స్టాలేషన్ చక్కగా అవుతుంది, ఏడాది తర్వాత యంత్రం బూట్ కానప్పుడు రికవరీ తెర డిస్కు లేదంటుంది. మూడు చోట్లా చేర్చాం.

బయోస్‌లో వీఎండీని ఆపేస్తే ఈ డ్రైవర్ గొడవే ఉండదు కదా అని ఇన్‌చార్జి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అది ప్రతి యంత్రంలో చేతితో చేయాలి, ఎక్కడా నమోదు కాదు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయో, బయోస్ అప్‌డేట్ తర్వాతో సెట్టింగ్ మొదటికి వస్తే అప్పటి దాకా పనిచేసిన విండోస్ బూట్ కాకపోవచ్చు. ఇమేజ్‌లో డ్రైవర్ ఉంటే ఆ సెట్టింగ్‌ను ముట్టుకోకుండా వదిలేయవచ్చు.

డ్రైవర్లను బాగా నడుస్తున్న యంత్రాల నుంచే డిస్మ్ ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ ఆదేశంతో తీసుకున్నాం. వచ్చినవన్నీ ఇమేజ్‌లో కుక్కలేదు. నిల్వ, నెట్‌వర్క్ డ్రైవర్లు మాత్రమే చేర్చాం. నెట్‌వర్క్ ఉంటే మిగిలినవి విండోస్ అప్‌డేట్ తెచ్చుకుంటుంది. అవి లేకపోతే ఏదీ రాదు. ఈ రెండింటి దగ్గరే గీత గీయడం వల్ల ఇమేజ్ చిన్నగా ఉంది, మూడేళ్ల తర్వాత పాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకటి ఎందుకుందో ఎవరూ తల పట్టుకోనక్కర్లేదు.

తర్వాతి వరస ముఖ్యం. ముందు డాట్‌నెట్ 3.5, దాన్ని అదే మీడియాలోని ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ నుంచి ఎక్కించాం. ఆ తర్వాతే క్యుములేటివ్ అప్‌డేట్. మీడియాలోని ఫీచర్ ఫైళ్లు విడుదల నాటి పాత వెర్షన్‌వి; తర్వాత వచ్చే అప్‌డేట్ వాటిని కూడా కలుపుకుని ముందుకు తీసుకెళ్తుంది. వరస తిప్పితే, ఫీచర్ చేర్చాక అప్‌డేట్‌ను మళ్లీ ఎక్కించాలి. 24హెచ్2లో ఇంకో సంగతి ఉంది. సెప్టెంబరు 2024 నుంచి చెక్‌పాయింట్ క్యుములేటివ్ అప్‌డేట్ల పద్ధతి వచ్చింది. ఇమేజ్‌కు ఆఫ్‌లైన్‌లో చేర్చేటప్పుడు తాజా ఫైలుతో పాటు దానికి ముందున్న చెక్‌పాయింట్ ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. తాజాది ఒక్కటే పెట్టి లోపం వచ్చిందని తిరిగేవాళ్లను చాలామందిని చూశాను.

ప్రో, హోమ్ రెండు ఎడిషన్లూ ఉంచాం, మిగిలినవి ఎక్స్‌పోర్ట్ చేయకుండా వదిలేశాం. మొదట ప్రో ఒక్కటే ఉంచితే హోమ్ లైసెన్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో సెటప్ కదలలేదు. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు ప్రొడక్ట్ కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే పెడుతున్నారు; సెటప్ దాన్ని చదివి, ఆ కీకి తగిన ఎడిషన్ మీడియాలో లేకపోతే ఆగుతుంది. రెండు ఇండెక్సులు ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన పనులన్నీ ఒక్కోదానికీ విడిగా జరగాలి. చేత్తో చేస్తే ఇక్కడే తేడాలు వస్తాయి, స్క్రిప్ట్‌తో చేస్తే రావు.

ఏం తీశాం, ఏం తీయలేదు

సంస్థ వాళ్లతో ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే. వాళ్ల జాబితాలో డిఫెండర్, ఎడ్జ్, స్టోర్, అప్‌డేట్ సర్వీస్, రికవరీ మొదటి వరసలో ఉన్నాయి. ప్రతిదానికీ నేను వేసిన ప్రశ్న ఒకటే: దీన్ని తీయడం వల్ల తీరే బాధ ఏమిటి, ఆ బాధ తీయకుండా తీరదా?

డిఫెండర్ తీసివేత కోరడానికి కారణం తరగతి మొదట్లో యంత్రం కదలకపోవడం. చూస్తే, డిఫెండర్ ఉన్నప్పుడు, రాత్రి కుదరని స్కాన్ ఉదయం యంత్రం లేవగానే మొదలయ్యేది. పాత డెస్క్‌టాప్‌లలో అయితే డిఫెండర్ స్థానంలో పెట్టిన మరో యాంటీవైరస్ ఇంకా ఎక్కువ భారం వేస్తోంది. స్కాన్ వేళను తరగతులు లేని సమయానికి మార్చి, స్కాన్ సగటున వాడుకోగల సీపీయూ శాతాన్ని మామూలుగా ఉండే 50 నుంచి తగ్గించాం. బాధ తీరింది, రక్షణ మిగిలింది.

చోటు కోసం తీయాలన్న వాటికి వేరే సమాధానాలు ఉన్నాయి. చిన్న ల్యాప్‌టాప్‌లకు కాంపాక్ట్ ఓఎస్ ఆన్ చేశాం. సిస్టమ్ ఫైళ్లు కుదించిన రూపంలోనే ఉండి, చదివేటప్పుడు విప్పబడతాయి. యంత్రాన్ని హైబర్నేట్ చేసేటప్పుడు మెమరీని దాచే హైబర్నేషన్ ఫైలును ఆపాం. అప్‌డేట్ల కోసం విండోస్ ముందే పక్కన పెట్టుకునే రిజర్వ్‌డ్ స్టోరేజ్‌ను ఆ ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఆపడానికి ఒప్పుకున్నాను. దాని వల్ల చోటు నిండినప్పుడు అప్‌డేట్ ఆగే ప్రమాదం ఉంది, ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాను. ఇవన్నీ విండోస్ తనకు తానుగా ఇచ్చిన మీటలు. ఒక్క ఆదేశంతో వెనక్కి తిప్పుకోవచ్చు. కోతకు ఆ వీలు లేదు.

నిజంగా తీసినవి కొన్ని ప్రొవిజన్డ్ యాప్‌లే: ఆటలకు, వినోదానికి, వార్తలకు సంబంధించినవి. ఇవి కాంపొనెంట్ స్టోర్‌లో (అంటే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో) భాగం కావు, విడి ప్యాకేజీలు. డిస్మ్‌లోని ఆదేశంతోనే పోతాయి, క్యుములేటివ్ అప్‌డేట్‌కు అడ్డురావు. స్టోర్‌ను మాత్రం ఉంచాం. దాన్ని తీయడం తేలిక, తిరిగి తేవడం కష్టం. క్యాలిక్యులేటర్, ఫోటోల వంటి యాప్‌లు కొత్త వెర్షన్లు తెచ్చుకునేది దాని ద్వారానే. విద్యార్థులు అందులోంచి ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా చూడటం వేరే పని, దాన్ని ఖాతాల హక్కుల దగ్గర పరిష్కరించాలి.

స్టార్ట్ మెనూలో ప్రకటన యాప్‌లను ఆపే గ్రూప్ పాలసీ (నిర్వాహకుడు యంత్రాలకు విధించే సెట్టింగ్) ఒకటి ఉంది కదా అని ఇన్‌చార్జి గుర్తుచేశారు. ఆ పాలసీ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే పనిచేస్తుంది. ప్రోలో విలువ రాసినా ఫలితం ఉండదు. అందుకే డిఫాల్ట్ యూజర్ రిజిస్ట్రీ ఫైలును (విండోస్ సెట్టింగులు దాచే ఫైలు) ఇమేజ్‌లోనే తెరిచి, కొత్తగా తయారయ్యే ప్రతి ఖాతాకు సెట్టింగులు అక్కడి నుంచి వచ్చేలా రాశాం. ఈ పని చేసేవాళ్లు ఒకటి గమనించాలి: రిజిస్ట్రీ ఫైలును అన్‌లోడ్ చేయకుండా, లేదా ఇమేజ్ విప్పి ఉన్న మౌంట్ ఫోల్డర్‌ను ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంచి అన్‌మౌంట్ చేయబోతే ఇమేజ్ సగం ఊడి వేలాడుతుంది. ఆ స్థితిలో ఉన్న ఇమేజ్‌ను నమ్మకుండా, మార్పులు వదిలేసి మొదటి నుంచి నడిపించడమే మేలు. స్క్రిప్ట్ ఉన్నప్పుడు అది పెద్ద ఖర్చు కాదు.

ఆన్సర్ ఫైల్, ఊహించని ఒక అడ్డంకి

సెటప్ అడిగే ప్రశ్నలకు ముందే సమాధానాలు రాసే ఆటోఅన్‌అటెండ్.ఎక్స్‌ఎంఎల్‌ను పెన్‌డ్రైవ్ మొదటి స్థాయిలో పెట్టాం. భాష, ప్రాంతం, లోకల్ ఖాతా వంటివి అందులో ఉన్నాయి. డిస్కును చెరిపి విభజించే భాగం మాత్రం కావాలనే రాయలేదు. ఆ ఫైలులో డిస్కు 0 అని రాస్తే ఏ డిస్కు 0 అవుతుందో యంత్రాన్ని బట్టి మారవచ్చు. రెండు డిస్కులున్న యంత్రాలు ఈ సంస్థలో కొన్ని ఉన్నాయి, రెండోదాంట్లో బోధకుల పాఠాలు ఉన్నాయి. ఆ ఒక్క తెర దగ్గర మనిషి ఆగి చూసి నొక్కడం వల్ల పోయేది అరనిమిషం. కంప్యూటర్ పేరు కూడా ఫైలులో స్థిరంగా రాయలేదు. సీరియల్ నంబరు నుంచి పేరు తయారుచేసే చిన్న స్క్రిప్ట్ పెట్టాం.

పాస్‌వర్డ్ గురించి ఒక హెచ్చరిక. ఆన్సర్ ఫైలులో దాన్ని దాచిపెట్టమని టిక్ పెడితే అది గజిబిజిగా కనబడుతుంది, కానీ అది ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా నిమిషంలో విప్పగలరు. పెన్‌డ్రైవ్ చేతులు మారుతుంది. అందువల్ల ఫైలులో తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, ల్యాబ్ సిద్ధమయ్యాక దాని స్థానంలో అసలుది పెట్టారు.

ఇన్‌స్టాలేషన్ చివర నడవాల్సిన పనులను సెటప్‌కంప్లీట్ అనే స్క్రిప్ట్‌లో పెట్టాం. వర్చువల్ యంత్రంలో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన నకలు కంప్యూటర్) అన్నీ చక్కగా జరిగాయి. అసలు ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కింది, కానీ ఆ స్క్రిప్ట్‌లోని ఒక్క పనీ జరగలేదు. లోపం సందేశం ఏదీ కనబడలేదు. ఫైలు సరైన చోటే ఉంది, చేత్తో నడిపితే నడుస్తోంది.

ఇలాంటప్పుడు ముందు వెతకాల్సింది రెండు యంత్రాల మధ్య తేడా. డ్రైవర్లు, డిస్కు కాకుండా ఇంకేం తేడా ఉంది? వర్చువల్ యంత్రపు ఫర్మ్‌వేర్‌లో ప్రొడక్ట్ కీ లేదు, ల్యాప్‌టాప్‌లో ఉంది. తయారీదారు ఇచ్చిన ఓఈఎం కీతో ఇన్‌స్టాల్ అయినప్పుడు, ఎంటర్‌ప్రైజ్ వంటి కొన్ని ఎడిషన్లలో తప్ప, సెటప్‌కంప్లీట్‌ను విండోస్ నడపదని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఉంది. యంత్రమంతటికీ సంబంధించిన పనులను ఆన్సర్ ఫైలులోని స్పెషలైజ్ దశకు (సెటప్ ఆ యంత్రానికి తగ్గట్టు విండోస్‌ను సిద్ధం చేసే దశ), యూజర్ అవసరమైన వాటిని మొదటి లాగిన్ ఆదేశాలకు మార్చాం. అప్పటి నుంచి రెండు చోట్లా ఒకేలా జరిగింది.

ఇన్‌స్టాల్.విమ్ 4 జీబీ దాటింది. యూఈఎఫ్ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) యంత్రాలన్నీ తప్పకుండా చదవగలిగేది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే, అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. కాబట్టి చివరి మెట్టుగా ఇమేజ్‌ను ముక్కలు చేశాం. సెటప్ వాటిని కలిపే చదువుకుంటుంది. ముక్కలు చేసిన ఇమేజ్‌ను మళ్లీ మార్చలేం, అందుకే ఇది అన్నింటికన్నా చివర రావాలి.

పాత డెస్క్‌టాప్‌ల సంగతి

విండోస్ 11 అర్హత పరీక్షలను రిజిస్ట్రీ విలువలతో దాటించవచ్చు, సంస్థ అదే అడిగింది. నేను వద్దన్నాను. అలా పెట్టిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. అప్‌డేట్లు ఆగడం నుంచి బయటపడటానికే కదా ఇంత పని చేస్తున్నది. ఆ ల్యాబ్‌లో పరీక్ష సాఫ్ట్‌వేర్ నడవనక్కర్లేదు, బ్రౌజర్, ఆఫీస్ పనులే ఉన్నాయి. డెబియన్ అనే లినక్స్‌ను ఎంచుకుని, దాని ఆన్సర్ ఫైలు లాంటి ప్రీసీడ్ ఫైలులో ప్యాకేజీల జాబితా, ఖాతా, భాష రాసి ఇన్‌స్టాల్ చేశాం. డెబియన్‌లో ఈ పని విండోస్ కన్నా చాలా తేలిక. ప్యాకేజీలు విడివిడిగా ఉండేలానే ఆ వ్యవస్థను కట్టారు, తీయడానికీ చేర్చడానికీ ఒకటే సాధనం.

ఫలితం, నేర్చుకున్నవి

ప్రతి మోడల్‌లో ఒక యంత్రాన్ని ముందు సిద్ధం చేసి, మిగిలినవాటిని ఆపి ఉంచాం. ఇన్‌స్టాలేషన్ పూర్తవడాన్ని విజయంగా లెక్కించలేదు. నెలవారీ అప్‌డేట్లు విడుదలయ్యేది రెండో మంగళవారం. ఆ అప్‌డేట్ ఈ యంత్రాల్లో తనంతట తాను ఎక్కి, రీస్టార్ట్ తర్వాత నిలిచాకే మిగతా ల్యాబ్‌లకు అనుమతి ఇచ్చాను. పాత కోత ఇమేజ్ కూడా మొదటి రోజున అందంగానే నడిచి ఉంటుంది. దాని లోపం బయటపడింది మొదటి అప్‌డేట్ దగ్గరే. పరీక్ష సాఫ్ట్‌వేర్ అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఇన్‌స్టాల్ అయింది.

స్క్రిప్ట్, ఆన్సర్ ఫైల్, డ్రైవర్ల జాబితా, తీసిన యాప్‌ల జాబితా ఇప్పుడు గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే సాధనం) ఉన్నాయి. ప్రతి మార్పు పక్కనా ఎందుకన్నది ఒక వాక్యంలో రాయాలని ఇన్‌చార్జే నియమం పెట్టారు. ఈ కేసులో నాకు అన్నింటికన్నా సంతోషం కలిగించిన విషయం అది. ఇమేజ్‌ను ప్రతి నెలా తిరిగి కట్టనక్కర్లేదు. కొత్త మోడల్ వచ్చినప్పుడు, లేదా విండోస్ కొత్త వార్షిక వెర్షన్ వచ్చినప్పుడు చాలు.

వర్చువల్ యంత్రం స్క్రిప్ట్‌లోని అక్షర దోషాలు పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. లైసెన్స్ కీ, వీఎండీ, ఈఎంఎంసీ లాంటివి అసలు యంత్రంలోనే తెలుస్తాయి. కాబట్టి పరీక్షకు ఒక్కో మోడల్ నుంచి ఒకటి పక్కన పెట్టించుకోండి, సంస్థ వాళ్లు కుదరదన్నా సరే.

నాలుగైదు యంత్రాలే ఉన్నవాళ్లు ఇంత పని చేయనక్కర్లేదు. ముట్టుకోని అధికారిక మీడియా, ఒక ఆన్సర్ ఫైల్, పక్కన డ్రైవర్ల ఫోల్డర్ ఉంటే సరిపోతుంది. విమ్ ఫైలును తెరవాల్సిన అవసరమే రాదు. సెటప్‌కు డిస్కు కనబడని యంత్రం ఎదురైతే, లేదా ఇన్‌స్టాల్ అయ్యాక నెట్‌వర్క్ లేని యంత్రాలు ఎక్కువైతే, అప్పుడు బూట్.విమ్‌తో మొదలుపెట్టండి.